నీడ లేని ఎరుపు

రేవతి కార్తె

ఇవాళ్టి నుంచి ప్రతి గీతగాడూ చేసిన పని రాసి పెట్టాలని మా సాల నడిపే మెహరున్నీసా ఆర్డరు. ఏం గీశావు, ఎందుకట్లా గీశావు, అంతే రాయమంది. నా చదువు మూడో తరగతితో సరి. ఒత్తులు తప్పితే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

నా పేరు యల్లమంద. సముద్రం తరిమితే మేమంతా ఎక్కిన గట్టు మీద, గీతల సాలలో పని. మా మర డేగలు రోజూ మిట్టమధ్యాహ్నం కింద దేశం మీద ఎగిరి బొమ్మలు తెస్తాయి. మధ్యాహ్నమైతే నీడలు అడ్డం రావు, దారులు శుభ్రంగా కనపడతాయి. ఆ బొమ్మలను యంత్రం గాజుబల్ల మీద పరుస్తుంది. మేం ముల్లు పట్టుకుని ఇది బాట, ఇది వాగు, ఇది ఇల్లు అని గీస్తాం. ముగ్గురి మాట ఒకటై, ముగ్గురూ బల్ల మీద వేలు వేస్తే అది పటంలోకి ఎక్కుతుంది.

నీళ్ళు తీశాక సాలలో ఎవరూ ఆ నేల మీద కాలు పెట్టలేదు. సముద్రం వచ్చి మీద కూర్చుని, మా జుట్టు నెరిశాక వెనక్కి పోయిన నేల అది. పాత ఊళ్ళు లేవు, పాత డొంకలు లేవు. మమ్మల్ని ఎందుకు పెట్టారంటే, యంత్రానికి గీత కనపడుతుంది గాని ఆ గీత ఎందుకుందో తెలియదు. సేద్యం చేసినవాడికి తెలుస్తుంది. నేను చేశాను. మా ఊరి మిరపకాయ ఎక్కడెక్కడికో పోయేది.

ఇవాళ తూర్పు పాయ బొమ్మలు వచ్చాయి. ఇసుక మేటల మధ్య నాలుగు పలకల ఎర్ర మచ్చలు. ఇదేమిటో యంత్రానికి తెలియలేదు, మెహరున్నీసాకూ తెలియలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి అడిగింది. చూడగానే చెప్పాను, కల్లాలు అని. కాయ కోసి ఆరబోశారు. ఈ కార్తెలో అంత ఎరుపు ఇంకేముంటుంది?

నా పక్క బల్ల దావీదుది. వలలు వేసుకుని బతికినవాడు, చేపల రంగు తప్ప ఏమీ తెలియదు. గుడ్డలేమో బావా అన్నాడు. నిరుటి ముందు ఏడు మడ చెట్ల కోసం విత్తనాల పెట్టెలకు ఎర్ర గొడుగులు కట్టి పైనుంచి వదిలారు గదా, అవేమో అన్నాడు. ఆ గొడుగు గుడ్డలు కుట్టినవాళ్ళలో మా ఆవిడ సామ్రాజ్యం కూడా ఉంది. ఉప్పు గాలికి, ఎండకు ఈపాటికి పీలికలై ఉంటాయి. పైగా గొడుగు గుండ్రంగా ఉంటుంది, ఇవి పలకలు. కల్లం ఎట్లా ఉంటుందో వల విసిరేవాడు నాకు చెప్పాలా?

"నువ్వు కల్లమంటే కల్లమేలే బావా. రేపు సముద్రాన్ని కూడా కల్లమను, వేలేస్తా" అన్నాడు దావీదు, వేస్తూనే. మూడో మాట శేషమ్మది. ఆవిడ నేనేమన్నా తలూపుతుంది.

కల్లం గుర్తు పెట్టాను.

అశ్వని కార్తె

యంత్రం నా గుర్తులు చూసి నేర్చుకుంది. ఇప్పుడు ఎర్ర పలక ఎక్కడ కనపడినా దానంతటదే కల్లం వేసుకుంటుంది. దానికి ఒక మీట కూడా పెట్టారు. పేరు ఏం పెట్టాలని మెహరున్నీసా అడిగితే, శేషమ్మ నా పేరే పెట్టమంది. గాజుబల్ల అంచున ఎర్రగా 'యల్లమంద' అని వెలుగుతోంది. సాలలో అందరూ నొక్కుతున్నారు. ఇదిగో ఇక్కడో యల్లమంద, అక్కడో యల్లమంద అని.

ఇంటికి పోయి చెప్పాను. సామ్రాజ్యం బియ్యం చెరుగుతూ విన్నది. మీట నొక్కితే పలుకుతావా, లేకపోతే ఇంట్లో మాదిరే రెండుసార్లు పిలవాలా అని అడిగింది.

గుడిసె ముందర కుండీల్లో మిరప మొక్కలు నాలుగు పెంచుతున్నాను. తినడానికి కాదు, విత్తనం చచ్చిపోకుండా. మా ఊరి విత్తనం ఇప్పుడు ఈ కుండీల్లోనూ, అటక మీద డబ్బాలోనూ తప్ప ఎక్కడా లేదనుకుంటాను. కింద కల్లాలు చూశాక ఇంకెవరో కూడా దాచారని సంతోషం వేసింది.

భరణి కార్తె

పై ఆనకట్ట గోడ బీటలిచ్చింది. ఈ ఏడు మొదటి వరదను ఆపలేరట. ఆపితే గోడ పోతుంది, గోడ పోతే గట్టు మీది మేమంతా పోతాం. అందుకని వరద రాగానే గేట్లు ఎత్తి నీళ్ళు వదలాలి. వదలడానికి రెండు దార్లున్నాయి. ఒకటి మా గట్టు పక్కన జొన్నచేల మీదుగా. రెండోది తూర్పు పాయ.

ఆనకట్టవాళ్ళు పటం తీసి చూశారు. తూర్పు పాయ వెంబడి ఇళ్ళు లేవు, ఉన్నవన్నీ కల్లాలు. కింద సేద్యానికి దిగేవాళ్ళు పంట కాలంలో దిగి, రోహిణి ఎండలకు ముందే తలా ఒక గట్టుకు ఎక్కేస్తారు. కింద ఇల్లు కట్టకూడదని కట్టడి. అంటే కల్లం ఉన్నచోట వానాకాలంలో మనిషి ఉండడు. తూర్పు పాయలోకే వదలాలని తేల్చారు. ఆరుద్ర కార్తె పుట్టగానే గేట్లు ఎత్తుతారు.

జొన్నచేలు దక్కాయని ఊరంతా నాకు దణ్ణాలు పెట్టింది. మా చేను కూడా అక్కడే. సామ్రాజ్యం దాన్ని ఒంటిచేత్తో బాగుచేసింది.

రోహిణి కార్తె

ఎండకు బల్ల గాజు కాలుతోంది. తడి గుడ్డ వేసి గీస్తున్నాం.

తూర్పు పాయలో ఎరుపు ఇంకా ఉంది. దావీదు ఊరుకుంటాడా?

"ఏంది బావా, రోహిణిలో కూడా కాయ ఆరబెట్టుద్దా మీ ఊళ్ళో? నాకు తెలీక అడగతన్నా."

కొత్త నేల, పంట వెనకబడి ఉంటుందని చెప్పాను. ఉప్పు నేలలో కాయ ఆలస్యంగా పండుతుందని కూడా చెప్పాను. ఆ రెండోది నాకు తెలియదు. నోటికి వచ్చింది, అన్నాను. మెహరున్నీసా అది కూడా రాసుకుంది. ఆ అమ్మాయి నేనన్న ప్రతిదీ రాసుకుంటుంది.

ఇంకొకటి కూడా ఉంది. ఇంతకాలం ఎండలో పడున్న కాయ తెల్లబారి తాలైపోవాలి. ఇవి రేవతిలో ఎంత ఎర్రగా ఉన్నాయో ఇప్పుడూ అంతే ఎర్రగా ఉన్నాయి. మంచి రకమేమో అనుకున్నాను. కుండీల్లో కాయను చూశాను. మొన్న కోయడం మరిచిన రెండు కాయలు ముచ్చిక దగ్గర అప్పుడే తెల్లబడుతున్నాయి.

మృగశిర, వాన తెరిపిచ్చిన రోజు

మూడు రోజులు ఆగకుండా కురిసింది. డేగలు గూట్లోనే ఉన్నాయి. ఇవాళ మధ్యాహ్నం ఒక గంట మబ్బు విడితే ఎగరేశారు. తూర్పు పాయ బొమ్మలు నా బల్ల మీదకే వచ్చాయి.

ఎర్ర పలకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కడిగినట్టు మెరుస్తున్నాయి.

మబ్బు కమ్మితే కల్లంలో ఏం జరుగుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడక్కుండా లేస్తాడు. పసిపిల్లను ఎవరి ఒళ్ళోనో పడేసి తల్లి పరిగెత్తుతుంది. కాయ కుప్ప చేసి, పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టేదాకా మనిషి కుదురుగా నిలబడడు. మూడు రోజుల వానకు ఆరబోసిన కాయను అట్లాగే వదిలేసే రైతు ఇంతవరకు పుట్టలేదు.

రైతు పైకి వెళ్ళిపోతూ కాయను వదిలేసి పోయాడేమో అని ఒక ఆలోచన వచ్చింది. ఒక్కడు వదులుతాడు. పాయ పొడుగునా ఉన్నవాళ్ళందరూ వదిలేస్తారా? పోనీ వదిలారే అనుకుందాం. తడిసిన కాయ నల్లబడాలి, నీళ్ళకు కొట్టుకుపోయి అంచులు చెదరాలి. అంచులు చెదరలేదు.

అది మిరపకాయ కాదు.

మరి ఏమిటి? నాకు తెలియదు. తెలియదని మెహరున్నీసాకు చెప్పలేదు. ముల్లు పక్కన పెట్టి, కళ్ళు మండుతున్నాయని చెప్పి ఇంటికి వచ్చాను. సామ్రాజ్యం అన్నం పెట్టింది. తిన్నాను.

"ఏమయ్యా, పచ్చట్లో ఉప్పెయ్యలా నేను. ఇంతసేపైనా తిట్టలేదేంది?" అంది.

ఆమెకూ చెప్పలేదు.

మృగశిర, మర్నాడు

పొద్దున సాల తెరవకముందే మెహరున్నీసా ఇంటికి పోయాను. ఆమె తల దువ్వుకుంటోంది. డేగను రేపు మధ్యాహ్నం కాకుండా సూర్యుడు పొడిచే వేళకు ఎగరేయమన్నాను. నీడలు పడి బొమ్మ పాడవుతుంది బాబాయ్ అంది. నాకు ఆ నీడలే కావాలన్నాను.

ఎందుకో చెప్పాల్సి వచ్చింది. నేల మీద పరిచినదానికి నీడ ఉండదు. కర్రల మీద నిలబడ్డదానికి పొద్దున్నపూట బారెడు నీడ ఉంటుంది. మధ్యాహ్నం బొమ్మలో రెండూ ఒకటే. మనం ఎప్పుడూ మధ్యాహ్నమే చూశాం.

ఆమె దువ్వెన కింద పెట్టింది.

"బాబాయ్, కల్లాలని మీరేగా చెప్పింది?"

"నేనే చెప్పా. ఇప్పుడు కాదంటన్నా."

మృగశిర, నీడలు చూసిన రోజు

ప్రతి ఎర్ర పలక పక్కనా నీడ ఉంది. పొడుగాటి నీడ, కర్రల నీడలతో సహా. కొన్నిటి పక్కన పొగ. ఒకచోట పలక బయట సన్నగా ఇంకో నీడ, తల మీద బిందె ఉన్నట్టుంది. నీడకు చేతులున్నాయి.

దావీదు ఎగతాళి చేస్తాడని కాచుకుని ఉన్నాను. చేయలేదు. తన బల్ల మీది ముల్లు కూడా పక్కన పెట్టాడు. నేనూ వేలేశా గదా బావా అన్నాడు, అంతే.

గుడ్డ గుర్తుపట్టడానికి మెహరున్నీసా మా ఆవిడను పిలిపించింది. సామ్రాజ్యం ఎప్పుడూ సాలలోకి రాదు. బల్ల మీదకు వంగి, కొంగుతో గాజు తుడిచి చూసింది. గొడుగు నడిమధ్యన గాలి పోయేందుకు బొక్క వదులుతారు. ఒక్కో పలకకు నాలుగేసి గుండ్రటి మాసికలు ఉన్నాయి. గొడుగులు విప్పి, అంచులు కత్తిరించి, నాలుగు కలిపి కుట్టి, బొక్కలకు మాసికలు వేసుకున్నారు.

"నా గుడ్డలే. కుట్టింది మాత్రం నాకంటే బాగా కుట్టారు" అంది.

వాళ్ళెవరో, ఎక్కణ్ణుంచి వచ్చారో ఎవరికీ తెలియదు. ఆరుద్ర ఇంకా నాలుగు రోజుల్లో పుడుతుంది. వాన మళ్ళీ పట్టింది.

మధ్యాహ్నం మెహరున్నీసా ఆనకట్ట ఇంజనీరుతో మాటల పెట్టెలో మాట్లాడింది. అతను మర్యాదస్తుడే. బొమ్మలో నీడలు సరిగా కనపడటం లేదన్నాడు. యంత్రం ఇప్పటికీ కల్లాలనే చెబుతోందన్నాడు. జొన్నచేల మీదకు వదిలితే గట్టు జనం ఏడాది తిండి పోతుంది, ఒక పెద్దాయన అనుమానం మీద అంత పని చేయలేమన్నాడు. మెహరున్నీసా చెప్పిందే చెబుతోంది. నేను పెట్టె నా వైపు లాక్కున్నాను.

"అయ్యా, నా పేరు యల్లమంద. ఆ కల్లం గుర్తు నాది. అక్కడ మనుషుల్లేరని నువ్వు నమ్మింది ఈ ముసలోడి ఒక్క మాట మీద. అప్పుడు సరిపోయిన మాట ఇప్పుడు సరిపోదా?"

అతను, గుర్తు మార్చి ముగ్గురితో వేలు వేయించి పంపండి, అప్పుడు చూస్తానన్నాడు.

గుర్తు మార్చాలంటే దాన్ని మొదట పెట్టినవాడే బల్ల ముందు కూర్చుని తప్పు అని చెప్పాలి. యంత్రం అడుగుతుంది, ఏది తప్పు, ఎందుకు తప్పు అని. సాలంతా వింటుండగా చెప్పాను. మిరపకాయ అనుకున్నాను, కాదు. మా ఊళ్ళో ఎరుపంటే అదే, అందుకని ఇక్కడ కూడా అదే అనుకున్నాను. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

కల్లం తీసేసి ఇల్లు పెట్టాలి. అన్నిటికీ ఒకేసారి మార్చేయనా అని యంత్రం అడిగింది. వద్దన్నాను. ఒకేసారి అన్నిటికీ వేయడం వల్లే ఇంత వచ్చింది. ఒక్కొక్కటీ నీడ చూసి, నేనే ముల్లుతో గీశాను. నా వెనక దావీదు వేలు వేశాడు, దావీదు వెనక శేషమ్మ. శేషమ్మ ఈసారి తలూపలేదు. ప్రతి నీడనూ కళ్ళద్దాలు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఒకచోట నన్ను ఆపి, ఇది ఇల్లు కాదు, బోర్లించిన పడవ అంది. నిజమే, పడవే.

మృగశిర చివరి రోజు

మబ్బు మస్తాను పడవలో ఇంజనీరు మనుషులు ఇద్దరు కిందికి పోయి వచ్చారు. మస్తానుకు ఆ పేరు ఎందుకంటే మబ్బు పట్టినా పడవ ఆపడు. ఉన్నారని చెప్పాడు. పిల్లలూ ముసలివాళ్ళతో సహా ఉన్నారు. దక్షిణాన ఏదో గట్టు విరిగిపడితే మిగిలినవాళ్ళు దిగి వచ్చారట. ఇళ్ళు కట్టకూడదని తెలిసి, పైకి పంపేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. పటంలో తమను కల్లాలుగా వేశారని కూడా వాళ్ళకు తెలియదు.

సాయంత్రం పెట్టెలో కబురు వచ్చింది. నీళ్ళు జొన్నచేల మీదకే.

సామ్రాజ్యం మొలకలు పైకి వచ్చిన చేనును గట్టు మీద నిలబడి చూసింది. నేను పక్కనే నిలబడ్డాను. ఏమైనా అంటే అననీ అనుకున్నాను. ఇరుగుపొరుగువాళ్ళు అన్నారు. గీతల సాలవాళ్ళు ముందే సరిగ్గా చూసుంటే జొన్న అసలు వేసేవాళ్ళమే కాదు, విత్తనమన్నా మిగిలేది అన్నారు. అది నిజం.

"పొయ్యేది జొన్నేగా. రాయ్యా, తడుస్తన్నావు" అంది సామ్రాజ్యం.

ఆరుద్ర కార్తె

గేట్లు ఎత్తారు. మా చేను గోధుమరంగు నీళ్ళ కింద ఉంది. గోడ నిలబడింది.

మధ్యాహ్నం గూళ్ళ దగ్గర మెహరున్నీసా కొత్త కట్టడి చెప్పింది. ఇకమీదట డేగలు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎగురుతాయి. బల్ల మీది యల్లమంద మీట తీసేయమన్నాను. నా పేరు చూడలేకపోతున్నానని కాదు, తప్పుడు గుర్తుకు పేరెందుకని. ఆలోచిస్తానంది.

మస్తాను మళ్ళీ పోయి వచ్చాడు. ఈసారి బియ్యం, మందులు తీసుకుపోయాడు. తిరిగి వస్తూ ఒక కబురు తెచ్చాడు. మిమ్మల్ని పైనుంచి చూసి మిరపకాయలనుకున్నారమ్మా అని అక్కడి పెద్దావిడకు చెప్పాడట. వెధవ, చెప్పకుండా ఉండొచ్చు గదా. ఆవిడ పేరు కొండమ్మ. నవ్వి నవ్వి కూర్చుందట.

మస్తాను ఆవిడ గొంతు పెట్టి మరీ చెప్పాడు. "మిరపకాయ మొగం చూసి ఎన్నేండ్లాయెనో నాయనా. అట్ల అనుకున్నాయన దగ్గర ఇత్తనముంటే నాలుగు పంపమను."

అటక మీది డబ్బా దించాను. సగం పంపుదామనుకున్నాను. తర్వాత అందులోంచి ఒక గుప్పెడు మాత్రం ఉంచుకుని తక్కినదంతా గుడ్డలో కట్టి ఇచ్చాను. నారు ఎప్పుడు పోయాలో, ఎంత ఎడం పెట్టాలో మస్తానుకు చెప్పబోయి ఆపాను. ఉప్పు నేలలో మిరప ఎట్లా వస్తుందో నాకు తెలియదు. అక్కడ ఉన్నవాళ్ళు చూసుకుంటారు.

మళ్ళీ రేవతి

ఏడాది తిరిగింది. జొన్న లేని ఏడు ఎట్లా గడిచిందో గట్టు మీద ఎవర్ని అడిగినా చెబుతారు. మేం గెంజి తాగాం. దావీదు రెండుసార్లు ఎండుచేప తెచ్చి ఇచ్చాడు. కల్లంలో ఆరబెట్టాను బావా, ఎర్రగా లేవని తినకుండా ఉండమాక అన్నాడు. తిన్నాను.

బల్ల అంచున నా పేరు ఇంకా ఉంది. మెహరున్నీసా తీయలేదు. మీట పని మార్చింది. పైనుంచి చూస్తే ఏమిటో తెలియనిది కనపడినప్పుడు, తెలుసనిపించినా నేల మీద ఎవరూ చూడనప్పుడు, దాన్ని నొక్కుతారు. అప్పుడు గుర్తు పడదు. మస్తాను పడవకు కబురు పోతుంది, పోయి అడిగి రమ్మని. దిగొచ్చేదాకా పటంలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. నన్ను అడక్కుండానే చేసింది. మొదట కోపం వచ్చింది. సాలలో ఇప్పుడు రోజుకు ఎన్నోసార్లు నా పేరు వినపడుతుంది. ఇదేమిటో నాకు తెలియదు, యల్లమంద కొట్టు అంటారు.

ఇవాళ తూర్పు పాయ బొమ్మలు వచ్చాయి. పొద్దుటిదీ మధ్యాహ్నందీ పక్కపక్కన పరుచుకున్నాను. గొడుగు గుడ్డల ఇళ్ళు మెరకకు జరిగాయి. నీడలు ఉన్నాయి, పొగలు ఉన్నాయి. వాటికి అవతల, ఇసుక చదును చేసిన చోట ఇంకో ఎర్ర పలక ఉంది. చిన్నది. మిగతా వాటి కంటే కొంచెం ముదురు. అంచులు తిన్నగా లేవు. పొద్దుటి బొమ్మలో కూడా దానికి నీడ లేదు. ఒక మూల ఎవరో వంగి ఉన్నారు, చేత్తో కలియబెడుతున్నట్టు.

దావీదు వచ్చి నా భుజం మీంచి చూశాడు. శేషమ్మ కూడా వచ్చింది. చూసేకొద్దీ నా ముక్కుకు ఘాటు తగిలినట్టయింది.

చెయ్యి కల్లం గుర్తు మీదకు పోయింది. వెనక్కి తీసుకుని యల్లమంద నొక్కాను.